కుడిచేతి కొలత

1987 మే 3, ఆదివారం

గాజుల ఏజెంటు ఏడాదికొక డైరీ ఇచ్చిపోతాడు. అన్నీ పొట్లాలు కట్టడానికే పోయాయి. ఈ ఏడాదిది మాత్రం ఎందుకో దాచాను. ఎందుకు దాచానో ఇవాళ తెలిసింది. నా బిడ్డ అలివేలు ఇంటికి వచ్చింది.

నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. తిరుచానూరులో మా వీధి మొదలు నుంచి చివరి దాకా ప్రతి గుమ్మం దగ్గరా నిలబడి చెప్పాను. తెలిసినవాళ్లకు చెప్పాను, బస్సు దిగిన యాత్రికులకు చెప్పాను. నా భార్య తాయమ్మ, "ఒక తప్పెట తగిలించుకో మెడకి, దండోరా సరిగ్గా ఉంటాది" అంది. తగిలించుకుంటాను, దొరికితే.

ఫిబ్రవరిలో మద్రాసుకు తీసుకుపోయినప్పుడు ఒళ్లంతా నీరు, ఊపిరి అందదు, పిలిస్తే పలకదు. రెండు కిడ్నీలూ పోయాయన్నారు. వారానికి రెండుసార్లు మిషను మీద రక్తం కడిగితేనే మనిషి అన్నారు. కుడి భుజం ఎముక కింద లావాటి గొట్టం దించి ఆ రోజే కడిగారు. ఆ గొట్టంతోనే రెండు నెలలు. మధ్యలో అది పూడిపోతే తీసి, అక్కడే ఇంకొకటి పెట్టారు. మద్రాసులో ఆ నర్సింగ్ హోం గడపకు దండం పెట్టి వచ్చాను. ఆ గొట్టం లేకపోతే ఈ రోజు లేదు.

గొట్టం ఎల్లకాలం ఉంచకూడదట. అందుకని మణికట్టు దగ్గర రెండు నరాలు కోసి ఒకటిగా కలిపారు. ఆ నరం లావెక్కాక గొట్టం తీసేసి, ఇక అందులోనే సూదులు. అలివేలు ఎడంచేతి వాటం మనిషి. రవికెలు కుట్టేది, కత్తెర పట్టేది ఎడంచేత్తోనే. అందుకని కుడిచేతికి చేశారు.

కిడ్నీ ఇద్దామంటే నాకు వయసు మీరిందన్నారు. తాయమ్మకు చక్కెర జబ్బు. అల్లుడు మునికృష్ణ రక్తం కలవలేదు. పోనీ. తిరుపతిలో డాక్టరు శఠగోపం గారు మిషను పెట్టారు. ఇక మద్రాసు పోయే పనే లేదు. అమ్మవారు ఒక్కొక్క ముడి ఎలా విప్పుతున్నదో చూడు.

మే 4, సోమవారం

తిరుపతిలో మొదటిసారి మిషను. నాలుగు గంటలు పడుకుంది. చెక్కు చెదరలేదు.

శఠగోపం గారు సన్నగా, నామం దిద్దుకుని, మాట పొదుపుగా ఉన్నారు. అలివేలు కుడి మణికట్టు నా చెవి దగ్గర పెట్టించారు. లోపల గుయ్యిమని ఒకటే శబ్దం. అలివేలు నవ్వింది. "నాయనా, పక్కింట్లో కుట్టు మిషను తొక్కినట్ల లేదూ?"

డాక్టరుగారు, "ఈ శబ్దమే ఈమె ప్రాణం. ఈ చేతికి బిగుతుగా ఏదీ ఉండకూడదు. సూదిమందు వేయించకూడదు. శబ్దం ఆగిందంటే ఆ గంటే నా దగ్గరికి రావాలి" అన్నారు.

ఇంటికి వచ్చి తాయమ్మకూ వినిపించాను. ఆమె విని, చెవి తీసి, కొంగుతో కళ్లొత్తుకుంది. నేను మాత్రం నవ్వుతూనే ఉన్నాను. ఎవరో ఒకరు నవ్వాలి కదా ఇంట్లో.

మే 8, శుక్రవారం

ఈరోజు ఒక శుభం. రాయకుండా ఉండలేను.

అలివేలు చెయ్యి పట్టుకున్నాను. ఊరికే పట్టుకున్నాను గానీ గాజులవాడి చెయ్యి ఊరికే ఉండదు. మెటికలు ఒత్తి, బొటనవేలి మొదలు లోపలికి మడిచి చూసింది. పెళ్లినాడు అలివేలుది రెండు-నాలుగు సైజు. మద్రాసులో చిక్కి చిక్కి రెండు-రెండు కూడా జారిపోయేది. ఇప్పుడు మళ్లీ రెండు-నాలుగు. దాటింది కూడా.

మా వృత్తిలో ఒక మాట ఉంది. మనిషి మొహం అబద్ధం చెబుతుంది, చెయ్యి చెప్పదు. జబ్బు వచ్చేది ముందు చేతికే, పోయేదీ చేతినుంచే. ఎంతమంది ఆడబిడ్డల చేతులు ఒత్తి ఉంటాను. పుట్టింటికి వచ్చి తేరుకున్న పిల్ల చెయ్యి నాకు తెలియదా?

తాయమ్మతో చెప్పాను. "ఉప్పు లేని సంగటి తిని, కొలిచిన నీళ్లు తాగి, ఒళ్లు చేసిందంటావా?" అంది. మంచి మాట ఎప్పుడు మాట్లాడింది గనుక.

మే 15

కుడిచెయ్యి రెండు-ఆరు. దిష్టి తీయించాలి.

మే 24, ఆదివారం

మునికృష్ణ సత్యవేడు నుంచి వచ్చాడు. అక్కడ హైస్కూల్లో డ్రిల్లు మాస్టరు. వేసవి సెలవులైనా పిల్లకాయల చేత కబడ్డీ ఆడించక మానడు. ఆదివారం ఆదివారం వచ్చి పోతాడు.

"ఏమప్పా, నీ పెళ్లాం చెయ్యి చూసినావా?" అన్నాను.

"చూసినాను మామా. కుడిదొకటే ఉబ్బినట్లుండాదే."

"కుడిచెయ్యి ఎవరికైనా రవ్వంత పెద్దగానే ఉంటాది. పనిచేసే చెయ్యి గదా. నా మలారంలో గాజులు కూడా కుడికొకటి ఎడమకొకటి చూసి తొడుగుతాను."

తాయమ్మ చాటలో బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే, "అది ఎడంచేతి వాటం పిల్ల గదా" అంది.

నేను ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తులేదు.

మే 29, శుక్రవారం

మద్రాసులో ఉన్నప్పుడు అనుకున్నాను. బిడ్డ లేచి తిరిగితే అమ్మవారి సన్నిధి వీధిలో, మా అంగట్లో కూర్చోబెట్టి, నా చేత్తో రెండు చేతులకూ పచ్చగాజులు తొడుగుతానని. ఇవాళ తీర్చుకున్నాను.

"డాక్టరు వద్దన్నాడు గదా నాయనా" అంది అలివేలు.

"బిగుతుగా వద్దన్నాడమ్మా. నేను తొడిగేది రెండు-ఎనిమిది. గలగలమని ఆడతా ఉంటాది. ఆడే గాజు బిగుతెట్లయితాది?"

నవ్వి చెయ్యి ఇచ్చింది. కుడికి అరడజను, పైన ఒకటి. ఎడమకూ అంతే. పూలమ్మే సుబ్బులమ్మ పక్క అరుగు మీదినుంచి చూసి, "ఏం గాజులాయప్పా, నీ బిడ్డకు సీమంతం మాదిరి తొడుగుతా ఉండావే" అంది. ఆ మాటకు నా గుండె ఎంత పొంగిందో ఈ కాగితం మీద పట్టదు. అంగట్లో పాటల రేడియో గట్టిగా పెట్టాను. యాత్రికుల ఆడవాళ్లకు గాజులు ఊరికే తొడిగాను, వద్దన్నా వినలేదు.

చెయ్యి చాచినప్పుడు అలివేలు కుడి భుజం మీద, మెడ కింద, సన్నటి నీలం నరాలు తీగలు తీగలుగా కనిపించాయి. రక్తం బాగా పట్టినట్టుంది.

జూన్ 2

మిషను రోజుల్లో పొద్దున్నే కుడిచేతి గాజులు తీసిపెట్టి పోతుంది. మర్నాడు నేను మళ్లీ తొడుగుతాను. ఇవాళ కాస్త ఒత్తాల్సి వచ్చింది. పుష్టి.

జూన్ 5

చాలా ఒత్తాల్సి వచ్చింది. అలివేలు పళ్లు బిగబట్టింది. "నొప్పా?" అన్నాను. "నువ్వు తొడిగితే నొప్పేంది నాయనా" అంది. ఆ మాట చాలు నాకు.

జూన్ 9

పమిట కుడిచేతి మీదుగా కప్పుకుని కూర్చుంటోంది. ఎండకు అనుకుంటాను.

జూన్ 11, గురువారం

గాజులు రాలేదు.

పొద్దున్నే సబ్బు నురగ పట్టించాను. కొబ్బరినూనె పోశాను. నేను తొడిగిన గాజు నా చేతికి రాకపోవడం ఈ జన్మలో లేదు. చెయ్యి నున్నగా, మెరుస్తూ, వేలు పెట్టి నొక్కితే గుంట పడి అలాగే నిలిచింది. అలివేలు, "ఆలస్యమైపోతా ఉండాది, ఇట్లనే పోదాం నాయనా" అంది.

మిషను అయ్యాక సూదులు తీస్తే రక్తం ఆగలేదు. నర్సు నిర్మలమ్మ దూది మీద దూది పెట్టి నొక్కుతూనే ఉంది. శఠగోపం గారు వచ్చి పమిట తొలగించి చెయ్యి చూశారు. భుజం చూశారు. మెడ కింద నరాలు చూశారు. రెండో చేతి పక్కన పెట్టి చూశారు.

"ఎన్నాళ్లనుంచి?" అన్నారు.

"ఊరికొచ్చిన వారం నుంచే సార్" అంది అలివేలు. "బరువు. రాత్రిళ్లు తలకింద పెట్టుకుంటే తిమ్మిరి. ఇక్కడికొచ్చినప్పుడు సూది గుచ్చే చోటు మాత్రం విడిచి పమిట కప్పుకుంటా ఉన్నాను."

"ఎందుకు చెప్పలేదు?"

అలివేలు నా వైపు చూసి, తల తిప్పుకుంది.

నిర్మలమ్మ కత్తెర లాంటిది తెచ్చింది. "నేను తీస్తాను తల్లీ" అన్నాను. తడి గుడ్డ చుట్టి, పట్టకారుతో ఒక్కొక్కటే నొక్కాను. గుడ్డలోపల చిట్లిన శబ్దం పెద్దగా రాదు. ఏడూ తీశాను. ఒక్క గీతా పడనివ్వలేదు. భర్త బతికున్న బిడ్డ చేతి గాజులు తండ్రి చితకగొట్టడం మా వంశంలో ఎవరూ చేయలేదు.

నా మొహం చూసి కాబోలు డాక్టరుగారు, "ఇది గాజులతో వచ్చింది కాదు దొరస్వామీ. గాజులు మరికాస్త బిగించినాయి, అంతే. అసలు కథ పైన, భుజంలో ఉన్నట్టుంది. మద్రాసులో మందు ఎక్కించి ఫోటో తీయాలి" అన్నారు.

ఇంటికి వచ్చాక తాయమ్మ బోసిగా ఉన్న ఆ మణికట్టుకు పసుపు రాసింది. నాతో మాట్లాడలేదు.

జూన్ 12

అంతా మంచికే. ఇప్పుడే తెలిసింది కనుక బాగుచేస్తారు.

జూన్ 17, బుధవారం

మద్రాసు, ఒక పెద్ద ఆసుపత్రి. చేతి నరంలోకి మందు ఎక్కించి ఫోటో తీశారు. వెలుతురు డబ్బాకు అతికించి మాకూ చూపించారు. మోచేతినుంచి తెల్లగా ఏరు మాదిరి వచ్చిన నరం, భుజం ఎముక కిందికి రాగానే దారమంత అయిపోయింది. అక్కడినుంచి లేదు. పక్కలనుంచి సన్న సన్న పిల్లకాలువలు వెతుక్కుంటూ మెడకేసి పోతున్నాయి. నేను రక్తం పట్టింది అనుకున్న నీలం తీగలు అవే.

గొట్టం ఉన్నది ఆ చోటే. రెండు నెలలు అది నరం లోపలి గోడకు రాసుకుని రాసుకుని పుండు పడింది, పుండు మాని గట్టిపడి దారి మూసింది. కిందేమో మణికట్టు దగ్గర కలిపిన నరం రక్తాన్ని వరద మాదిరి చేతిలోకి తోస్తున్నది. వచ్చేది ఎక్కువ, పోయే దారి లేదు. నరంలో చిన్న గాలిబుడ్డ ఉబ్బించి దారి వెడల్పు చేసే పద్ధతి బయటి దేశాల్లో ఉందట. మా దగ్గర ఇంకా లేదన్నారు.

"ఎవరిది సార్ తప్పు?" అని అడిగాడు మునికృష్ణ.

"తప్పంటూ ఏమీ లేదు. అందరం అక్కడే పెడతాం. ఆ రోజు ఆ గొట్టం లేకపోతే మీ భార్య లేదు" అన్నాడు ఆ డాక్టరు.

నేను ఆ గడపకు పెట్టిన దండం వెనక్కి తీసుకోలేను. తీసుకోకుండానూ ఉండలేను.

జూన్ 18, గురువారం

శఠగోపం గారు కూర్చోబెట్టి చెప్పారు. కుడి మణికట్టులో కలిపిన నరాన్ని కట్టేస్తే చెయ్యి వాపు దిగిపోతుంది. కానీ ఇవాళ కట్టేస్తే సోమవారం మిషనుకు దారేది? అందుకని ముందు ఎడంచేతికి అలాంటిదే చేయాలి. అది లావెక్కి ముదరడానికి నెలన్నర, రెండు నెలలు. అప్పటిదాకా ఈ వాచిన చేతినే పైకెత్తి కట్టి, సన్న సూదులతో ఎలాగో లాక్కురావాలి.

"ఒకటి గుర్తుపెట్టుకోండి. ఎడం భుజంలో మాత్రం గొట్టం పెట్టనీయకండి ఎవరినీ. ఆ దారి కూడా పూడిందంటే ఇక చేతులు లేవు మనకు."

తాయమ్మ ఇంటికొచ్చి, "అడకత్తెరలో పోకచెక్క అయిపాయె బిడ్డ బతుకు" అని అరుగు మీద కూలబడింది. నేను ఆమెను కసిరాను. ఎడంచెయ్యి ఉంది. బంగారం లాంటి చెయ్యి. ముదిరేదాకా ఆగితే చాలు.

జూన్ 21, ఆదివారం

అలివేలు ఒప్పుకోలేదు.

మునికృష్ణ బతిమాలాడు. తాయమ్మ ఏడ్చింది. నేను అయితే అల్లుడి ముందర పిల్లవాడిలాగా చేతులు తిప్పుతూ మాట్లాడాను. ఎడంచేతికి చేస్తే ఎంత సుఖమో, ఆ తరువాత కుడిచెయ్యి ఎంత తేలికో, దసరాకు కొత్త కుట్టు మిషను కొనిస్తానని.

"దేంతో కుట్టాల నాయనా?" అంది. "కుడిది ఇట్లయింది. ఉండేది ఇదొకటి. దీంతో తింటాను, దీంతో దువ్వుకుంటాను, దీంతో కుడతాను. దీన్ని కూడా వాళ్ల బల్ల మీద పెట్టమంటావా?"

"అట్ల కాదమ్మా, ఇది ఊరికే..."

"అదీ ఊరికేనే అన్నారు."

మునికృష్ణ బస్సు ఎక్కేముందు వీధి మలుపులో నాతో, "మామా, ఇదొప్పుకోకుంటే?" అన్నాడు.

"ఒప్పుకుంటాదప్పా" అన్నాను.

"ఒప్పుకోకుంటే?"

బస్సు వచ్చింది.

జూన్ 23

కుడిచేతికి పాత చీరతో ఉయ్యాల కట్టి దూలానికి తగిలించాము. చెయ్యి పైన, మనిషి కింద. కట్టేసిన ఆవుదూడలా ఆ గదిలోనే. బయటికి పోతే చెయ్యి దిగుతుంది, దిగితే వాస్తుంది.

అయినా మొహం కళగా ఉంది. ఉంది.

జూన్ 26, శుక్రవారం

రాయాలో వద్దో.

పొద్దున అమ్మవారి పసుపు తెచ్చి, "నీ మొహంలో ఎంత కళ వచ్చిందో చూసుకో" అని అద్దం చూపించాను. అలివేలు అద్దం తీసి బోర్లా పెట్టింది.

"నాయనా, ఒక మాట చెప్తే కోపం రాదు గదా."

"నీ మీద నాకు కోపమా."

"నువ్వు వచ్చిన ప్రతిసారీ నవ్వుతా వస్తావు. వాచిన చెయ్యి చూసి నువ్వు నవ్వితే, నొస్తా ఉండాదని నేను ఎట్ల చెప్పేది? ఆ గాజులు తొడిగిన రోజే నాకు ప్రాణం పోయినంత పనైంది. నీ మొహం చూస్తే చెప్పబుద్ధి కాలే. నువ్వు ఇంత సంతోషంగా ఉంటే నాకు ఈ ఇంట్లో చెప్పుకునేదానికి చోటు లేదు."

చీర ఉయ్యాల ముడి సడలితే బిగించాను. బిగుతెంత ఉండాలో చేతికి తెలియలేదు.

బయటికి వచ్చి అంగట్లో కూర్చున్నాను. ఒక తల్లీ కూతురూ వచ్చి గాజులు అడిగారు. తొడిగాను. "ఏం పెద్దాయనా, మాటలు రావా నీకు?" అంది తల్లి. జీవితంలో నన్ను ఎవరూ ఆ మాట అడిగి ఉండరు.

నవ్వకుండా ఎలా ఉండాలో నాకు తెలియదు. నవ్వు ఆపితే నాలో ఏముందో అదీ తెలియదు.

జూన్ 27

ఏమీ రాయలేదు.

జూలై 1, బుధవారం

శఠగోపం గారు మా ఇంటికి వచ్చారు. అమ్మవారి దర్శనానికి వచ్చి, ఇటు తిరిగారు. చీర ఉయ్యాల చూసి, బాగా కట్టారన్నారు. నేను మజ్జిగ ఇవ్వబోతే తాయమ్మ కళ్లతోనే ఆపింది. రోగికి నీళ్లు కొలిచి ఇస్తూ, ఎదురుగా డాక్టరు మజ్జిగ తాగితే ఏం బాగుంటుంది.

అలివేలే అడిగింది. "సార్, ఎడంచేతికి చేస్తే అది వాయదని రాసిస్తారా?"

"రాసియ్యలేనమ్మా."

"నోటితోనన్నా?"

"ఆ పక్క భుజంలో ఎవరూ ఏ గొట్టమూ పెట్టలేదు. కాబట్టి వాయడానికి కారణం కనపడదు. అంతకు మించి చెప్పలేను. అది ముదరక పోవచ్చు. సగంలో ఆగిపోవచ్చు. అన్నీ జరిగేవే."

"చేయించుకోకుంటే?"

"ఈ చెయ్యి ఎన్నాళ్లు లాగుతుందో అన్నాళ్లు."

నేను నోరు తెరవబోయి మూసుకున్నాను. ఇలా నేను నోరు మూసుకోవడం అలివేలు చూసింది.

"ఎప్పుడు పోవాల మద్రాసుకి?" అంది.

డాక్టరుగారు పోయాక, "ఎందుకమ్మా ఒప్పుకున్నావు?" అని మాత్రం అడిగాను.

"ఆయప్ప బాగయితాదని చెప్పలే గదా" అంది.

జూలై 8, బుధవారం

మద్రాసు. ఎడం మణికట్టుకు చేశారు. మధ్యాహ్నానికి డాక్టరు చేతిని నా చెవి దగ్గర పెట్టించాడు. వినబడింది. సన్నగా. నాకు లోపల ఎగిరి గంతేసినట్టు అయింది. మొహం మీదికి రాకుండా చూసుకున్నాను. వచ్చిందేమో.

జూలై 17, శుక్రవారం

రెండు చేతులూ బోసి. ఎడమకు కూడా ఏమీ ఉండకూడదన్నారు.

సుబ్బులమ్మ మా ఇంటికి పూలు ఇవ్వడానికి వచ్చి, "ఊరందరికీ గాజులు తొడిగే ఇంట్లో బిడ్డ చేతులు ఇట్లా ఉండాయే. చూసేవాళ్లు ఏమనుకుంటారు?" అంది. మునికృష్ణ సెలవు పెట్టుకుని వచ్చి ఉన్నాడు. గోడకానుకుని పేపరు చదువుతున్నాడు.

"సుబ్బులమ్మక్కా, ఇట్ల రా" అన్నాడు. "నా చెయ్యి పట్టుకుని చూడు. వెచ్చగా ఉండాదా?"

"ఉండాది."

"అయితే నేను బతికే ఉండాను. నీ పూలు పెట్టిపో."

అలివేలు చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వింది. చీర ఉయ్యాల ఊగింది. తాయమ్మ కూడా. నేనూ నవ్వాను, అందరి తర్వాత.

జూలై 23

రబ్బరు బంతి ఎడంచేత్తో పిసుకుతూ ఉండమన్నారు, నరం లావెక్కడానికి. తలుపు అవతలినుంచి ఆ కీచు శబ్దం వినిపిస్తూ ఉంటుంది. నేను అంగడికి ఆలస్యంగా పోతున్నాను.

జూలై 30

కుడిచేతిలో సూది దిగడం లేదు. నిర్మలమ్మ మూడుసార్లు పొడిచింది. ఇంటికి వచ్చాక అలివేలు, "నొస్తా ఉండాది నాయనా" అంది. "నొస్తాదమ్మా" అన్నాను. పక్కన కూర్చున్నాను. అంతే.

ఆగస్టు 6

ఎడంచేతి నరం గుండుసూదంత ఉన్నది పెన్సిలంత అయింది. శఠగోపం గారు ఇంకా రెండు వారాలు ఆగాలన్నారు. ఆయన ఇంట్లో పెళ్లి, కంచికి పోతున్నారు. చిన్న డాక్టరు జయరావు చూసుకుంటాడు. మంచివాడు, మొహం కడిగిన ముత్యంలా ఉంటాడు.

ఆగస్టు 9, ఆదివారం

కుడిచేతిలో శబ్దం ఆగిపోయింది.

పొద్దున అలివేలే చెప్పింది. నేను చెవి పెట్టాను. తాయమ్మ పెట్టింది. మునికృష్ణ పెట్టాడు. ఎడంచేతి శబ్దమే కుడిచేతిదని ఒక్క క్షణం నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. కాదు. ఆటోలో తిరుపతికి పోయాము. జయరావు చూసి, గడ్డకట్టింది, ఇక తెరవలేమన్నాడు. రేపు మిషను రోజు. ఏం చేసేదీ రేపు పొద్దున చెబుతానన్నాడు.

ఆగస్టు 10, సోమవారం

పొద్దుటికే అలివేలుకు ఆయాసం. పడుకుంటే ఊపిరి ఆడదు, కూర్చునే ఉంది.

జయరావు మమ్మల్ని పక్కకు పిలిచి చెప్పాడు. ఎడంచేతి నరంలో ఇప్పుడే సూది వేస్తే చిరిగిపోతుంది. కుడిది పోయింది. "అందుకని ఎడం భుజంలో గొట్టం వేస్తాను. రెండు వారాలే. అరగంట పని. ఇవాళే కడగాలి, రేపటిదాకా ఆగకూడదు."

నాకు శఠగోపం గారి మాట గుర్తులేక కాదు. గుర్తుంది. కానీ బిడ్డ రొప్పుతున్నది. ఎదురుగా డాక్టరు తెల్లకోటులో నిలబడి ఉన్నాడు. నేను ఎప్పుడూ చేసే పనే చేశాను. రెండు చేతులూ జోడించి, "మీ ఇష్టం సార్. మీరే దేవుడు" అన్నాను. మునికృష్ణ తల దించుకుని నిలబడ్డాడు. తాయమ్మ అమ్మవారికి మొక్కుతోంది.

బల్ల మీద కూర్చోబెట్టి, ఎడం భుజానికి మందు పూయబోతుంటే అలివేలు వెనక్కి జరిగింది.

"ఆడ వద్దు సార్."

జయరావు, "రెండు వారాలేనమ్మా" అన్నాడు.

"ఆడ రెండు నెలలు ఉంచితే ఏమయిందో నాకు తెలుసు. రెండు వారాలకు ఏమయితాదో మీకు తెలుసా?"

ఆయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. "అంత తొందరగా పూడకపోవచ్చు. గట్టిగా చెప్పలేను" అన్నాడు. "ఇంకో చోటు తొడ. అక్కడ వేస్తే గొట్టం ఉన్నంతసేపూ కాలు మడవకూడదు, కదలకూడదు. మిషను అయిన వెంటనే తీసేయాలి. ప్రతిసారీ కొత్తగా గుచ్చాలి. రెండు వారాలూ అదే పని. ఓర్చుకుంటావా?"

"ఓర్చుకుంటాను. ఎడంచేతితో నాకు పని ఉండాది."

ఇంత ఆయాసంలో ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో. జూన్‌లో ఆ చేతిని బల్ల మీద పెట్టనన్న పిల్ల.

జయరావు తల ఊపి, నిర్మలమ్మతో తొడకు సిద్ధం చేయమన్నాడు. మమ్మల్ని బయట ఉండమన్నారు. నేను దగ్గరికి పోయాను. అలవాటు చొప్పున మొహం సర్దుకున్నాను. భయం లేదు, సింహం నా తల్లి, అని ఏదో చెప్పబోయాను. అలివేలు నా మొహం చూసింది.

"నాయనా. నువ్వు బయట కూర్చో. నవ్వుతా కూర్చోవద్దు. ఊరికే కూర్చో."

తలుపు మూశారు. మునికృష్ణ మందులకు పోయాడు. తాయమ్మ మెట్ల మీద ఉంది. వరండాలో బెంచీ నిండా మనుషులు. చివర ఒక రైతు, తలపాగా ఒళ్లో పెట్టుకుని, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నాడు. పలకరించాడు.

"లోపల ఎవరప్పా?"

"నా బిడ్డ."

"ఎట్లుండాది?"

ఈ ఏడాదిలో ఈ ప్రశ్నకు నేను ఎన్నిసార్లు బదులు చెప్పానో. బజారంతా తిరిగి, ఎవరూ అడగకుండానే చెప్పాను.

"బాగలేదప్పా" అన్నాను.

ఆయన కొంచెం జరిగి చోటిచ్చాడు. కూర్చున్నాను.